కలెక్టర్ గారూ, మందకు దారేది?

శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టర్ గారికి,



పుట్టపర్తిలో సోమవారం సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పింఛన్లు, పాసుపుస్తకాలు, సర్వే తప్పులు, బోరు తగాదాలు వస్తుంటాయి. గొర్రెలు చేన్లో పడిన తగాదా మాత్రం మీ బల్ల దాకా రాదు. అది ఊళ్లోనే పుట్టి, రచ్చకట్ట మీదనో స్టేషను వరండాలోనో తేలిపోతుంది. అర్జీ లేదు కాబట్టి సమస్యే లేదని మీ కిందివాళ్లు చెప్తారేమో. వేరుశెనగ ఊడలు దిగే రోజుల్లో లేపాక్షి, చిలమత్తూరు, పెనుకొండ, ధర్మవరం వైపు ఏ పల్లెకైనా వెళ్లి ఒక పూట కూర్చోండి. మీరు వెతుక్కోనక్కర్లేదు, తగాదానే మీ దగ్గరికి వస్తుంది.

నేను లేపాక్షి మండలంలో మల్బరీ రైతును. మా వీధి చివర గొర్రెలు కాసే కురుబల ఇళ్లు. రైతునై ఉండి కూడా ఈ ఉత్తరంలో కాపరి పక్షాన నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడతాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు రైతు నష్టం చెప్పాలి, అది చిన్నదేం కాదు. పట్టుపురుగు నాలుగోసారి పొర విడిచే జ్వరం నుంచి లేచాక వారం రోజుల పాటు దానికి ఆకలి తప్ప ఇంకేమీ ఉండదు. పంట మొత్తంలో తినే ఆకులో ముప్పాతిక పైగా ఆ చివరి దశలోనే తింటుంది. తెల్లారకముందే లేచి కొమ్మ కోసుకొచ్చి పరచాలి, మళ్లీ మధ్యాహ్నం, మళ్లీ రాత్రి. సరిగ్గా ఆ వారంలో ఎనభై గొర్రెలు అరగంట సేపు తోటలో దూరితే మిగిలేది మోళ్లే. తొక్కి, ఎంగిలి చేసి, ఉచ్చ పోసిన ఆకును పురుగుకు వేయలేం, వేస్తే రోగం. పక్క ఊళ్లో ఆకు కొందామంటే వాళ్ల పురుగులూ అప్పుడే లేచి ఉంటాయి. గుడ్లకు పెట్టిన డబ్బు, కూలి, నెలరోజుల నిద్ర, అన్నీ హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు గేటు చూడకుండానే పోతాయి. ఆ పొద్దు ఆ రైతు చేతిలో కర్ర ఉంటే తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

ఇక రెండో వైపు. రెండేళ్ల కిందట మా దగ్గర జరిగిన పంచాయితీ ఒకటి చెప్తాను. పేర్లు అక్కర్లేదు. ఎనభై జీవాల మంద ఇలాగే తోటలో పడింది. మేపుతున్నది పదహారేళ్ల పిల్లోడు. మందంతా వాళ్లదేనా అంటే కాదు. ముప్పై వాళ్లవి, పదో పన్నెండో మేనత్తవి, మిగతావి టౌనులో ఉండే ఒక ఆసామి పాలుకు ఇచ్చినవి. పుట్టిన పిల్లల్లో చెరి సగం, నష్టం వస్తే మొత్తం కాపరిది, అదీ ఆ పాలు లెక్క. పెద్దమనుషులు తప్పు పదిహేను వేలని తేల్చారు. ఎనిమిది రోజుల్లో కట్టాలి, అందాకా రెండు పొట్టేళ్లు రైతు కొట్టంలో కట్టేసి ఉండాలి. మూడో నాడు పిల్లోడి తల్లి పొట్టేళ్లను చూసుకోవడానికి వచ్చింది. మంద పాడుచేసిన మల్బరీ కొమ్మల్నే రైతు భార్య వాటి ముందు వేస్తోంది. నోరులేని జీవాల మీద ఏం కోపమమ్మా అంది. ఇద్దరు ఆడవాళ్లూ కొట్టం అరుగు మీద కూర్చుని కాసేపు పిల్లల చదువుల గురించి కూడా మాట్లాడుకున్నారు. తప్పు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. బక్రీదు ఇంకా నాలుగు నెలలుండగానే దళారి అడిగిన రేటుకు ఆ కుటుంబం నాలుగు జీవాలు అమ్ముకుంది. రైతు చేతికొచ్చిన పదిహేను వేలు పోయిన పంటలో మూడో వంతు కాదు. పిల్లోడు బడి మానేసి బెంగళూరు పోయాడు. ఈ మొత్తం వ్యవహారంలో పైసా పోనిది టౌను ఆసామి ఒక్కడికే.

దీనికి చట్టం లేక కాదు. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ఉంది. చేన్లో పడ్డ జీవాలను రైతు పట్టుకోవచ్చు, పట్టుకున్నవాటిని ఇరవై నాలుగు గంటల్లో బందెలదొడ్డికి తోలాలి, యజమాని జుల్మానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. తెల్లదొరల కాలపు చట్టమైనా అందులో ఒక తెలివి ఉంది. పట్టుకున్న జీవం పట్టుకున్నవాడి కొట్టంలో ఉండకూడదు, మూడో మనిషి కాపలాలో, అందరికీ తెలిసిన రేటు మీద ఉండాలి. మా తాతల నాడు పెద్ద ఊళ్లన్నిటిలో బందెలదొడ్డి ఉండేది. ఇప్పుడు ఆ స్థలంలో ఒక ఊళ్లో కొత్త భవనం లేచింది, ఇంకో ఊళ్లో సీమజాలి లేచింది. దొడ్డి పోయాక జీవాలు రైతు కొట్టంలో, రేటు పెత్తందారు నోట్లో ఉంటున్నాయి. రైతుది ఏ కులం, కాపరిది ఏ కులం, ఎవరి వెనక ఏ పార్టీ అన్నదాన్ని బట్టి ఆ రేటు పెరుగుతుంది, తరుగుతుంది.

కొత్తగా వచ్చిన అధికారులకు ఈ తగాదా అనాదిగా ఉన్న వైరంలా కనిపిస్తుంది. నిజానికి రైతుదీ కాపరిదీ ఒకరి మీద ఒకరు ఆధారపడ్డ బతుకు. శెనక్కాయ పీకి, కట్టె వామి వేసుకున్నాక చేలన్నీ బయలవుతాయి. అప్పుడు రైతే కాపరి ఇంటికి నడిచి వెళ్లేవాడు, మూడు రాత్రులు మా చేన్లో మంద నిలపప్పా అని. రాత్రికింత డబ్బో, కొలిచిన జొన్నలో ఇచ్చేవాళ్లు. కాపరికీ అతని కుక్కకీ సంగటి రైతు ఇంటి నుంచే వచ్చేది. పొద్దుగూకే వేళకు గూటాలు పాతి వల కట్టి మందను లోపలికి తోలేవాడు. పాలు మానని పిల్లలను నక్కకూ తోడేలుకూ అందకుండా వెదురు గంపల కింద మూసేవాడు. కంబళి కప్పుకుని పడుకున్నవాడు నడిరేయి లేచి వల విప్పి మందను పక్క మడికి జరిపేవాడు, పెంట చేనంతా సమంగా పడాలి కదా. తెల్లారి ఆ చేన్లో అడుగుపెడితే ఉచ్చ వాసనకు ముక్కు పగిలిపోయేది. రైతు ఆ వాసనకే మురిసిపోయేవాడు. మంద నిలిపిన మడికీ నిలపని మడికీ పైరులో తేడా రెండేళ్ల దాకా కంటికి ఆనేది.

డీఏపీ మూట వచ్చాక ఇదంతా పాత కథ అయిందనుకుంటారేమో. మూట 1,350 రూపాయలు పలుకుతున్న ఈ రోజుల్లో దానిమ్మ తోటల వాళ్లు గొర్రె పెంటను ట్రాక్టర్ల లెక్కన కొంటున్నారు. గొర్రెను కంచె బయట నిలిపేసి, దాని పెంటను డబ్బిచ్చి లోపలికి తెచ్చుకుంటున్నాం. ఇంత తెలివి మా ముందు తరాలకు లేదు.

మరి ఎక్కడ చెడింది? కాపరికి పొగరెక్కిందని రైతు, రైతుకు కళ్లు నెత్తికెక్కాయని కాపరి. నా లెక్క వేరు. పైరున్న నాలుగైదు నెలలూ మంద తిరగడానికి ఊరికి బీడు ఉండేది, గుట్ట ఉండేది, వంక పోరంబోకు, చెరువు లోపలి నేల, మేత పోరంబోకు ఉండేవి. వాటిని కలుపుతూ బండ్ల బాటలుండేవి. ఆ నేలలో ఒక అంచు రైతులమూ దున్నేసుకున్నాం, అది దాచను. అయితే ఎకరాల్లో కాదు, వేల ఎకరాల్లో తీసుకుపోయింది మేము కాదు.

మా లేపాక్షి పేరు పెట్టుకుని చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో నాలెడ్జ్ హబ్ కోసం 8,844 ఎకరాలు ఇచ్చారు. చదువుల నగరం అన్నారు, లక్షల ఉద్యోగాలన్నారు. పదిహేనేళ్లు దాటాయి, ఆ నేల మీద కోర్టు కేసులు తప్ప వేరే పంట పండలేదు. డి-పట్టాలూ, బీళ్లూ, గుట్టవార మేతలూ కలగలిపి అందులో పోయాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వచ్చింది. 2019 నుంచి కార్లు బయటికొస్తున్నాయి, మా పిల్లలు కొందరు అక్కడ పనిచేస్తున్నారు, ఆ మేలు కాదనను. కొడికొండ చెక్‌పోస్టు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పొడుగునా వెంచర్ల రాళ్లు పాతారు. బెంగళూరు విమానాశ్రయం పుణ్యమా అని మా బీళ్లకు ధర వచ్చింది, మేత పోయింది. ఎన్.పి.కుంటలో 1,500 మెగావాట్లకు తలపెట్టిన సోలార్ పార్కు చుట్టూ కంచె. అటవీ శాఖ మొక్కలు నాటిన గుట్టల చుట్టూ కందకాలు. లేత మొక్కను గొర్రె తినకూడదన్నది సబబే. ఎన్నేళ్లకు ఆ గుట్ట మళ్లీ తెరుస్తారో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంకో మాట చెప్తే మీకు వింతగా ఉంటుంది. నీళ్లు వచ్చి కూడా తగాదా పెరిగింది. సాలుకు సగటున 552 మిల్లీమీటర్ల వాన పడే పాత అనంతపురం జిల్లా ఇది. ఒక పంట తీసి, తర్వాత ఏడు నెలలు చేను బయలు వదిలేవాళ్లం. మంద బతికింది ఆ బయలు మీదే. బోర్లు, డ్రిప్పు, హంద్రీ-నీవా నీళ్లు వచ్చాక ఎండాకాలంలోనూ టమాటా, మల్బరీ, కూరగాయలు నిలబడుతున్నాయి. పది ఎండు కయ్యల నడుమ ఒక్క పచ్చని కయ్య ఉన్నా మంద ఆ దిక్కుకు పోలేదు. నీళ్లు వద్దని ఏ రైతూ అనడు, నేనూ అనను. కాలువ గీసినప్పుడు మంద దారి కూడా పటంలో గీసి ఉంటే సరిపోయేది. ప్రకృతి వ్యవసాయం వాళ్లు నవధాన్యాలను వానలకు ముందే చల్లి 365 రోజులూ నేలను పచ్చగా ఉంచమంటున్నారు. మంచి పద్ధతి, నేనూ ఒక ఎకరాలో చేశాను. మే నెలలో ఊరంతా ఎండి, నా ఎకరం ఒక్కటే పచ్చగా ఉంటే గొర్రె ఇంకెక్కడికి పోతుంది?

2019 పశుగణనలో మన రాష్ట్రంలో కోటీ డెబ్బై ఆరు లక్షల గొర్రెలు తేలాయి, దేశంలో తెలంగాణ తర్వాత మనమే. తెలంగాణలో 2017లో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీ మీద పంచారు. గొర్రె ఇచ్చారు సరే, అది మేసేదెక్కడ? మన దగ్గరా అదే తీరు. గొర్రెకు రుణం ఉంది, షెడ్డు ఉంది, చిటుకు రోగానికి టీకా ఉంది. గడ్డి విత్తనాలూ రాయితీ మీద ఇస్తారు, అవి నీళ్లున్న పాడి రైతుకు పనికొస్తాయి. మంద నడిచే దారికి ఏ పద్దులోనూ రూపాయి లేదు.

ఇక్కడ మేత చాలక మావాళ్లు ఎండాకాలం కర్నూలు, నంద్యాల వైపు కాలువల కిందికి, కర్ణాటకలోకి వలస పోతారు. ఊళ్లో రైతు కనీసం పేరు పెట్టి తిడతాడు, అక్కడ వీళ్లు పరాయివాళ్లు. రాత్రిపూట జీవాల దొంగలు, హైవే మీద లారీలు. అడవిపందుల కోసం కంచెకు దొంగచాటుగా కరెంటు పెట్టే చోట జీవం పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. ఇళ్లలో మిగిలిన ఆడవాళ్లు కూలికి పోతారు. మంద అమ్మేసి బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరినవాడు ఊరికొస్తే, బాగున్నావా అని అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది. రైతుకు మాత్రం ఏం ఒరిగింది? రాతి కూసాలకు, ముళ్ల తీగకు, కాపలా మనిషికి అప్పు చేస్తున్నాడు. పైగా చాలా ఇళ్లలో ఈ ఇద్దరూ ఒక్కరే. రెండెకరాల చేనూ ఉంటుంది, ముప్పై గొర్రెలూ ఉంటాయి. పొద్దున ఒకరి మీద ఫిర్యాదు చేసినవాడే సాయంత్రం ఇంకొకరికి తప్పు కడతాడు.

ఈ తగాదా ముదిరితే ఏమవుతుందో తెలుసుకోవడానికి నైజీరియా చాలు. అక్కడ బెన్యూ రాష్ట్రం 2017 నవంబరు 1 నుంచి పశువులను బయట మేపడాన్నే నిషేధించింది. మందలున్న ఫులానీలకు ప్రత్యామ్నాయం చూపకుండా చట్టం తెచ్చారన్నది ఒక వాదన, పైర్లు, ప్రాణాలు పోతుంటే ఇంకేం చేస్తామన్నది ఇంకో వాదన. 2018 కొత్త సంవత్సరం నాటి దాడుల్లో చనిపోయిన 73 మందికి జనవరి 11న మకుర్ది పట్టణంలో ఒక్కసారే అంత్యక్రియలు చేశారు. మన దగ్గర అంత దూరం రాలేదు, రాదనే నా నమ్మకం. అయినా కురుబ, రెడ్డి, బోయ అని చీలిన ఊళ్లలో, తుపాకులకు, బాంబులకు ఒకప్పుడు పేరుపడ్డ సీమలో, నమ్మకం మీదే బండి నడపకూడదు.

దూరం పోకుండా మన జిల్లాలోనే ఇంకో పాఠం ఉంది. చెన్నేకొత్తపల్లి, రొద్దం ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, చుట్టూ ఉన్న పల్లెల జనం కలిసి 1990ల మొదట్లో బోడి గుట్టలను కాపాడటం మొదలుపెట్టారు. అదే కల్పవల్లి, ఏడు వేల ఎకరాలకు పైచిలుకు రెవెన్యూ బంజరు. ఊరికొక కమిటీ, కాపలాకు మనుషులు, నిప్పు లేవకుండా ఎండాకాలం గట్టి చూపు. గొర్రెలను తరిమేయలేదు, కాపరుల్ని కూర్చోబెట్టి కట్టుబాట్లు చేసుకున్నారు. గడ్డి లేచింది, ఈతచెట్లు లేచాయి, వంకల్లో నీళ్లు నిలిచాయి. గుట్ట మీద మేత దొరికితే చేను జోలికి పోవాలని ఏ కాపరికీ ఉండదు. కట్టుబాటు తప్పినవాళ్లు అక్కడా ఉన్నారు, తగాదాలూ జరిగాయి. కానీ తేల్చుకోవడానికి వాళ్లకొక చోటు ఉంది. తర్వాత అదే గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి, వాటి కోసం వెడల్పాటి రోడ్లు కోశారు, వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ముప్పై ఏళ్లు జనం కాచిన గడ్డి కాగితాల్లో మాత్రం ఇంకా బంజరే.

కలెక్టర్ గారూ, ఆ కాగితం మార్చగలిగింది మీరే. అందుకే ఈ ఉత్తరం తహశీల్దారుకు కాకుండా మీకు రాస్తున్నాను.

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో పట్టా పొలాలకు రాళ్లు పాతారు. మేత పోరంబోకుకు, వంకకు, బండ్ల బాటకు కూడా పాతించండి. నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఉన్నంత మాత్రాన పోరంబోకు భద్రంగా ఉన్నట్టు కాదు. రిజిస్ట్రేషన్ ఆగుతుంది, నాగలి ఆగదు. ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలు మేతకని రాసి ఉంది, ఇప్పుడు అక్కడ ఏముంది అన్న పట్టిక గ్రామ సచివాలయం గోడకు అంటించమనండి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. కొత్త జీవో కోసం ఆగక్కర్లేదు.

అటవీ హక్కుల చట్టం 2006లోనే వచ్చింది. అడవిలో మేత హక్కును, తిరిగి మేపుకునేవాళ్ల హక్కును అది పేరు పెట్టి చెప్పింది. గిరిజనులు కాని వాళ్లు మూడు తరాల నివాసం, అంటే 75 ఏళ్లు, రుజువు చేయాలి. కాగితమే లేని కురుబ ఇంట్లో అంతకాలపు రుజువు ఎక్కడుంటుంది? ఊరి పెద్దల వాంగ్మూలం కూడా రుజువేనని నిబంధనల్లో ఉంది, మీ కింది కార్యాలయాల్లో ఆ మాట గట్టిగా వినపడాలి. జిల్లా స్థాయి కమిటీకి అధ్యక్షులు మీరే.

బందెలదొడ్డిని మళ్లీ తెరవమంటే నవ్వుతారేమో. మండలానికి ఒక్కటి చాలు. నీటి తొట్టి, కాస్త నీడ, పంచాయతీ రసీదు పుస్తకం, గోడ మీద రాసిన రేట్లు. నష్టం అంచనాకు వ్యవసాయ సహాయకుడు, పశుసంవర్ధక సహాయకుడు ఇద్దరూ కలిసి రావాలి. నష్టంలో పాలుకిచ్చిన ఆసామికీ వాటా ఉండాలి, సగం పిల్లలు తీసుకునేవాడు సగం తప్పూ కట్టాలి. ఈ ఒక్క కట్టుబాటు వస్తే సగం మందలకు మేపేవాడితో పాటు అడిగేవాడూ ఉంటాడు.

మందలు నిలిపే ఒప్పందం కూడా ప్రభుత్వం తలుచుకుంటే లేస్తుంది. ఎరువులకు రాయితీ ఇస్తున్నప్పుడు, రాత్రికింత అని మంద నిలిపిన కాపరికి ఎందుకు ఇవ్వకూడదు? గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలున్నాయి, రైతు ఉత్పత్తిదారుల సంఘాలున్నాయి. ఏ చేను ఎప్పుడు ఖాళీ అవుతుందో రైతు సంఘాలు చెప్తే, ఏ మంద ఎటు రావాలో కాపరుల సంఘాలు చెప్తాయి. రైతుల దగ్గర ఈ సమాచారమంతా నోటి మీదే ఉంది, అడిగినవాళ్లే లేరు.

ఈ ఖరీఫు శెనక్కాయ పీకేలోపు మా మండలంలో ఒక్క పంచాయతీలోనైనా ఆ పోరంబోకుల పట్టిక సచివాలయం గోడ మీదికి వచ్చేలా చూడండి. ఏ ఊరితో మొదలుపెట్టాలని మీవాళ్లు అడిగితే మా ఊరి పేరు ఇస్తాను. మా పొలం గెనిమ అవతల నేను కలుపుకున్న బాట ముక్క ఆ పట్టికలో తేలితే, ముందు నేనే ఖాళీ చేస్తాను.

ఇట్లు,
లేపాక్షి మండలం మల్బరీ రైతు